వీపంతా గుండె

మొన్న రథసప్తమి పొద్దున మైపాడు పోయే ఆటోలోకి ఒక మిడత ఎక్కింది.

రోడ్డు వారనున్న జిల్లేడు పొదని రాసుకుంటూ ఆటో ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. మళ్ళీ కదిలేసరికి అది కూడా లోపలికి వచ్చి, డ్రైవరు ముందున్న కమ్మీ మీద కూర్చుని ఉంది. వేలెడంత మిడత. పసుప్పచ్చటి ఒంటి మీద నీలం పట్టీలు, రెక్కల కింద ఎక్కడో కాస్త ఎరుపు. పెళ్ళివారింట్లో అవసరానికి మించి ముస్తాబైన ఆడపడుచులా ఉంది. సముద్ర స్నానానికి పోతూ నా పక్కన కూర్చున్నావిడ "అబ్బ, ఏం రంగులమ్మా!" అంది. డ్రైవరు భుజం మీది తువ్వాలు లాగి చెయ్యెత్తాడు.

"కొట్టబాకన్నా!" అని నేను అరిచిన అరుపుకి ఆటో ఒక పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడింది.

"ఏందక్కా, పామేమన్నా వచ్చిందా?"

"దాన్ని ముట్టుకోబాక. మెల్లగా ఊదు. అదే పోతాది."

అతను నన్నూ మిడతనీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరిలో ఎవరితో పేచీ తక్కువో తేల్చుకున్నట్టు, వంగి మెల్లగా ఊదాడు. అది అలిగినదానిలా కమ్మీ చివరి దాకా నడిచి బయటికి దూకింది.

"నీకెట్టా తెలుసక్కా?" అన్నాడు.

"మా అత్త చెప్పింది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక కళ్ళు తుడుచుకుంటుంటే పక్కావిడ దుమ్ము పడిందనుకుని కొంగు చివర ఇచ్చింది.

మా అత్త అంటే మా నాన్నకి అక్క. మాది మనుబోలు దగ్గర వరి పండించుకునే ఇల్లు. ఆ ఇంట్లో మిడత కనిపిస్తే చెప్పుకింద పెట్టి నలపడమే తప్ప ఇంకో ఆలోచన ఎవరికీ రాదు. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి, మైపాడు పక్కన సముద్రం ఒడ్డు పల్లెలో హైస్కూలు టీచరుగా చేరి, రిటైరైనా అక్కడే ఉండిపోయి, జిల్లేడు మిడతలకి మేనత్త అయి కూర్చుంది. పోనీ సైన్సు టీచరా అంటే అదీ కాదు. హిందీ. ఈ సంగతి ఎవరన్నా ఎత్తితే ఆమెకి ఎక్కడలేని కోపం వచ్చేది.

"హిందీ చెప్పేవాళ్ళకి కళ్ళుండవా? దేవుడు సైన్సోళ్ళకే పెట్టినాడా?"

చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి ఆమె గుండెలో ఒక కవాటం పాడైంది. కాన్పు తట్టుకోలేదని డాక్టర్లు చెబితే పెళ్ళే వద్దనుకుంది. బాధపడుతుందేమోనని ఆ ఊసు మేమెవరం ఎత్తేవాళ్ళం కాదు. తనే ఎత్తేది. "నా గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోదు మే. ఎవురు పడితే వాళ్ళు వచ్చి కూర్చుంటుండారు. ఇంక మొగుడొకడు గూడానా?" అని గట్టిగా నవ్వేది. నవ్వి, వెంటనే కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టుకునేది.

ఆ వేళ్ళు పెట్టుకోవడం ఆమె మొత్తం మనిషికి గుర్తు. గుండెకి ఆమె వేసుకునే మాత్ర మహా పేచీకోరు మాత్ర. తక్కువైతే పనిచెయ్యదు, కాస్త ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. అందుకని మింగేముందు నాడి చూసుకోవాలి, మరీ నెమ్మదిగా కొట్టుకుంటుంటే ఆ పూటకి మానెయ్యాలి. పైగా శని, ఆదివారాలు అసలు వేసుకోకూడదు. "గుండెకి సెలవు" అనేది ఆ రెండు రోజుల్నీ. ఏళ్ళ తరబడి అలా చూసుకుని చూసుకుని, మాత్రతో పనిలేనప్పుడు కూడా వేళ్ళు వాటంతట అవే మణికట్టు మీదికి పోయేవి. మనం ఏదో చెబుతుంటే ఒక్కసారి చెయ్యెత్తి ఆగమనేది, గోడ గడియారం వైపు చూస్తూ పెదాలు కదిపేది, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అనేది. ఇంటికి వచ్చినవాళ్ళని పలకరించడం కూడా అంతే. చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకుని నాడి చూసేది.

"నీది పరిగెత్తతా ఉండాదే! ఆఫీసులో ఎవురితో పెట్టుకున్నావు?"

నేను నెల్లూరులో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. ఎవరో ఒకరితో పెట్టుకోని రోజు ఉండదు. ఎలా కనిపెడుతుందా అని మొదట్లో ఆశ్చర్యపోయేదాన్ని.

ఆమె ఇల్లు పల్లెకి చివరిది. పెరటి మెట్టు దిగితే ఇసుక దిబ్బ, దిబ్బ నిండా జిల్లేడు, ఆ వెనక సరుగుడు తోట, దాని వెనక సముద్రం. దిబ్బకి ఒక పక్క వేరుశనగ చేలు. ఆ మెట్టు మీద కూర్చుని కాఫీ తాగడం ఆమె పూజ. సముద్రం వైపు చూస్తుందని ఊళ్ళో అందరూ అనుకునేవాళ్ళు. చూసేది జిల్లేడు వైపు.

నాకు పురుగులంటే చచ్చే భయం. బొద్దింక కనిపిస్తే మంచం దిగను. ఆ సంగతి తెలిసీ ఒకరోజు, నేను మాత్రలు ఇచ్చి పోదామని వచ్చినప్పుడు, "రా మే, నీకొక వింత చూపిస్తా" అని దిబ్బ మీదికి లాక్కుపోయింది. పోయేముందు లోపలికి వెళ్ళి నల్ల కళ్ళద్దాలు పెట్టుకొచ్చింది. శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇస్తారే, చెవుల దాకా మూసేసే అద్దాలు, అవి. అందరూ నాలుగు రోజులు పెట్టుకుని అటక మీద పడేస్తారు. ఈమె మిడతల కోసమని దాచింది. నా చేతికి ఒక చేట ఇచ్చింది.

"ఇదెందుకత్తా?"

"మొహానికి అడ్డం పెట్టుకో. కంట్లో పడిందంటే డాక్టరు నన్ను తిడతాడు."

ఒక జిల్లేడాకు కింద ఇంకా రెక్కలు రాని పిల్ల మిడత ఉంది. లేత పసుపు ఒళ్ళు, దానిమీద ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు. అత్త చీపురు పుల్లతో దాని ఎడమ పక్క మెల్లగా పొడిచింది. అంతే. దాని వీపులోంచి దారమంత సన్నటి చిమ్ము లేచి, గాల్లో వంపు తిరిగి, వచ్చి నా చేట మీద పడింది. నేను కెవ్వుమన్నాను. అత్త నన్ను పట్టించుకోలేదు. పుల్ల అటు తిప్పి కుడి పక్క పొడిచింది. ఈసారి చిమ్ము అటు పోయింది.

"చూసినావా? యా పక్క పొడిస్తే ఆ పక్కకే. తల తిప్పి చూళ్ళేదు, గురి తప్పలేదు. నేను ఇన్నేళ్ళు చాక్‌పీసు విసిరినా ఒక్కనాడన్నా వాగేవాడికి తగిలిందా? పక్కనోడికి తగిలేది!"

రెక్కలొచ్చిన పెద్ద మిడతలు ఇలా చిమ్మవట. రెక్కల కింది నుంచి బుడగలు బుడగలుగా నురగ తెస్తాయి. ఒకసారి గోరింక ఒకటి పెద్దదాన్ని ముక్కున కరుచుకుని, మరుక్షణం విదిలించి పారేసి, ముక్కుని ఇసకలో అటూ ఇటూ తుడుచుకోవడం ఆమె చూసిందట. ఆ గోరింక వేషం వేసి చూపించేది. మెడ తిప్పుతూ, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, రెండు కాళ్ళతో గెంతుతూ. కవాటం చెడిన మనిషి అలా గెంతకూడదు. చెబితే వినేది కాదు.

ఈ విషం దానికి ఎక్కడినుంచి వస్తుందో మాకు చెప్పింది నెల్లూరులో ఆమె గుండె డాక్టరు. మోకాళ్ళ నొప్పికి జిల్లేడాకు కాచి కట్టుకోవచ్చా అని అడగబోయి మిడతల కథంతా చెప్పేసింది. ఆయన పెన్ను మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"జిల్లేడు పాలజోలికి మాత్రం పోవద్దమ్మా. అందులో ఉండేదీ, మీ మాత్రలో ఉండేదీ ఒకే వంశం. దాయాదులనుకోండి. రెండూ గుండె మీదే పనిచేస్తాయి."

"అయితే ఆ మిడత తినేది..."

"మీ మాత్రకి చుట్టాన్నే. తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచిపెట్టుకుని, శత్రువు మీద చిమ్ముతుంది."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె నోరు విప్పలేదు. అంత వాగుడుకాయ అంతసేపు నోరు మూసుకుంటే నాకు భయం వేసింది. ఒంట్లో బాగాలేదేమోనని మణికట్టు పట్టుకోబోయాను. అప్పుడు అంది, నాతో కాదు, కిటికీతో అన్నట్టు.

"నేను అర మాత్రకి నాడి చూసుకోని, దేవుడికి దణ్ణం పెట్టుకోని మింగతా ఉండా. అది పొద్దున లేచినకాడ్నించీ అదే అన్నంగా నమలతా ఉండాది మే. దానికి శనాదివారాలు గూడా లేవు."

గుళ్ళో తెర తీసినప్పుడు ముందు వరసలో నిలబడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో, అలా ఉంది ఆమె మొహం. ఆరోజు నుంచి ఆమెకి మిడతలు వింత కాదు. ఇంకేదో అయ్యాయి. పేరు పెట్టి చెప్పడం నాకు చేతకాదు. నేను కూడా, భయపడుతూనే, వాటివైపు చూడటం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం ఆఫీసుకి ఫోను చేసింది.

"మే, నేను చెప్పేది గాబరా పడకుండా విను. నాకేమన్నా అయితే, మిడత నురగ నాలిక్కి తగిలించుకుందని డాక్టరుకి చెప్పు. తెలీకపోతే ఆయన వేరే మందు ఇస్తాడు."

నేను ఏ చెప్పులతో బయల్దేరానో, సెలవు చీటీ ఎవరికిచ్చానో ఇప్పటికీ గుర్తులేదు. ఆటో మాట్లాడుకుని పోయేసరికి మెట్టు మీద కూర్చుని ఉంది, వేళ్ళు మణికట్టు మీద, కళ్ళు మూసుకుని. నన్ను చూసి కళ్ళు తెరిచింది.

"ఏం రుచి అనుకున్నావు? అమ్మో, ఏం చేదు మే! దాని ముందర వేప పాయసం."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నీకు బుద్ధుందా అత్తా? గుండె జబ్బు మనిషివి, గుండెని ఆపే విషాన్ని నాకి చూస్తావా? నేనెక్కడ చచ్చేది?" అని అరిచాను. ఆమె మెదలకుండా తిట్లు తిన్నది. చివరికి, "అన్నేళ్ళనించీ మింగతా ఉండా గదా, దాని దాయాది ఎట్టుంటాదో చూద్దామని" అంది. తప్పు చేసిన పిల్లలు బల్ల మీద నిలబడి చెప్పే గొంతుతో.

ఈసీజీ తీశారు. ఏమీ కాలేదు. నాలిక చివర తగిలించుకున్నది చుక్కలో చుక్క కాబట్టి బతికిపోయారు, మళ్ళీ చేస్తే నా దగ్గరికి రావద్దు అని డాక్టరు కేకలేశాడు. కేకలన్నీ అయ్యాక ఆమె నింపాదిగా అడిగింది.

"డాక్టరు గారూ, దానికి గుండె ఉంటాదా?"

"నేను మనుషుల డాక్టర్నమ్మా!" అన్నాడాయన.

బయట బల్ల మీద కూర్చున్నప్పుడు నేను ఫోనులో వెతికాను. ఉంటుంది. మన గుండెలా గుప్పెడంత ముద్ద కాదు. సన్నటి గొట్టంలా వీపు పొడుగునా ఉంటుంది, తోక వైపు నుంచి తల దాకా. అది చదివి చెప్పాను. ఆమె చేతిలో ఉన్న మంచినీళ్ళ సీసా మూత పెట్టడం మర్చిపోయింది.

"వీపంతా గుండేనా?"

"ఆఁ."

"విషం చిమ్మేది గూడా వీపులోంచే గదా మే. వీపంతా గుండె పెట్టుకోని, దాని పక్కనే గుండెని ఆపే విషం పెట్టుకోని, ఏమీ పట్టనట్టు గెంతతా ఉండాదా!"

ఆ తర్వాత అది ఆమెకి ఊతపదమైపోయింది. తుఫాను హెచ్చరిక వచ్చినా పడవ వదలని మొండివాడిని చూసి "వాడికి వీపంతా గుండె" అనేది. మొగుడిని ఎదిరించి ఆటో నడుపుకుంటున్న అమ్మాయిని చూసి అదే మాట. నన్ను మాత్రం ఎన్నడూ అనలేదు. నాకది కాస్త గుచ్చుకునేది.

కరోనా వచ్చిన ఏడు ఎండాకాలం, అందరూ ఇళ్ళలో కూర్చుని టీవీలకి అతుక్కుపోయి ఉన్నప్పుడు, ఉత్తరాదిన మిడతల దండు పంటల్ని ఊడ్చేస్తోందని చూపించడం మొదలుపెట్టారు. ఒకపక్క రోగం భయం, ఇంకోపక్క మిడతల భయం. ఒక శనివారం పొద్దున వేరుశనగ రైతులెవరో దిబ్బ వైపు చూశారు. జిల్లేడు చెట్లన్నీ కాడలు మిగిలి బోసిగా ఉన్నాయి. వాటినిండా మిడతలు. ఇంకేముంది, దండు నెల్లూరుకి వచ్చేసిందని ఊరంతా గోల. మందు కొట్టే పంపులు వీపుకి తగిలించుకుని, కిరసనాయిలు డబ్బా పట్టుకుని దిబ్బ మీదికి వచ్చారు.

అత్త నాకు ఫోను చేసింది. "బిన్నా రా మే, ఆలస్యం చెయ్యబాక. మనోళ్ళని చంపేస్తుండారు."

దార్లో పోలీసులకి గుండె మాత్రల చీటీ చూపించుకుంటూ నా స్కూటరు మీద పోయాను. నేను పోయేసరికి ఆమె పంపుల వాళ్ళకి ఎదురుగా నిలబడి, హిందీ వ్యాకరణం చెప్పినట్టు చెబుతోంది. అందరికంటే ముందున్న రైతు ఆమె దగ్గర చదువుకున్నవాడే. ఏ పరీక్షలోనూ హిందీ గట్టెక్కనివాడు.

"టీచరమ్మా, పక్కకి జరగండి. టీవీలో చూళ్ళేదా? గంటలో ఊరూరంతా నమిలేస్తాయంట!"

"అయి వేరే, ఇయి వేరే అబ్బయా. అయి దేశాలు తిరిగే మిడతలు. ఇయి జిల్లేడుని వదిలి పోవు."

"జిల్లేడు యాడుందమ్మా? ఆకు ఒక్కటన్నా మిగిలిందా? ఇంక మిగిలింది మా చెనక్కాయే గదా. మాకీ ఏడు అమ్ముకోవడానికి అదొక్కటే దిక్కు."

అతను చెప్పిందాంట్లో అన్యాయమేమీ లేదు. ఆమెకీ తెలుసు. కడుపు కాలితే ఏ ప్రాణి ఏం తింటుందో ఎవరు చెప్పగలరు? అవి చేలో పడవని ఒట్టు పెట్టి చెప్పే ధైర్యం ఆమెకి లేదు. అబద్ధం చెప్పడం చేతకాదు. ఆమె వేళ్ళు మణికట్టు మీదికి పోవడం చూసి నేను ముందుకు ఉరికాను.

అప్పుడామె వాళ్ళకి వీపు తిప్పింది. తిప్పి, పొదకి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"కొట్టండి. నా వీపు మీద కొట్టండి."

వెనకనుంచి చూస్తే ఎంత సన్నటి మనిషి! జాకెట్టు కింద భుజపుటెముకలు పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా వీపు మొత్తం ఎగిరి పడుతోంది. ఆ వీపుని చూస్తూ నేను నిలబడిపోయాను. నా జన్మలో ఇంకెవరిని చూసీ అంత ఆశ్చర్యపోలేదు. పంపు గొట్టం పట్టుకున్న రైతు చెయ్యి కిందికి దిగింది కానీ, అతను వెనక్కి మాత్రం పోలేదు.

గొడవ తెంచింది చేపలమ్మే ముసలామె. గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చి, నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏం రా, రథసప్తమికి ఈ ఆకే గదరా మేమందరం నెత్తిన పెట్టుకోని మునిగేది? మందు కొట్టిన చెట్టు ఆకు రేపు నీ పెళ్ళాం నెత్తిన పెట్టుకోవాల్నా? తగలబెడితే ఇంక ఆకు యాడ తెస్తావు, నీ చెనక్కాయ ఆకు పెట్టుకోమంటావా?"

ఎవరో నవ్వారు. దేవుడి చెట్టు మాట వచ్చేసరికి ఆడవాళ్ళందరూ ఒక్కటయ్యారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. చేలో ఒక్క మిడత కనిపించిన రోజున దిబ్బ తగలబెడతారు. అందుకు టీచరమ్మ అడ్డం రాకూడదు. అత్త సరేనంది.

అందరూ పోయాక నా వైపు తిరిగింది. "బండి తియ్యి మే."

"ఆసుపత్రికా?"

"ఆకులకి."

మైపాడు రోడ్డు పొడుగునా జిల్లేడుకి కరువు లేదు. కొమ్మలు కోసి, గోనెలో కుక్కి, స్కూటరు ముందు పెట్టుకుని తెచ్చి, బోసి పొదలకి ఆనించి గుచ్చాం. మిడతలకి భోజనం మోయడం! మా నాన్నకి తెలిస్తే వెలేసేవాడు. రెండోసారి పోతుంటే ఒక కానిస్టేబుల్ ఆపాడు.

"లాక్‌డౌన్‌లో ఈ చెత్తేందమ్మా?"

"గుండె మందు సార్" అన్నాను. నోటికి అదే వచ్చింది.

అతను గోనెలోకి తొంగి చూశాడు. "ఓ, జిల్లేడా! మా అమ్మ గూడా మోకాళ్ళకి కట్టుకుంటాది. పోండి, పోండి."

ఎండ మాడిపోతోంది. "కూర్చో అత్తా, శనివారం గదా, నీ గుండెకి సెలవు" అంటే, "సెలవు క్యాన్సిల్" అంది. కొమ్మ గుచ్చుతుంటే ఒక పిల్ల మిడత నా మణికట్టు మీద చిమ్మింది. చల్లగా తగిలింది. నేను అరవలేదు. ఎందుకు అరవలేదో నాకే తెలీదు. అత్త గబగబా వచ్చి చెంబెడు నీళ్ళు పోసి కడిగి, తడి చేతి మీదే వేళ్ళు పెట్టింది. చాలాసేపు పెట్టే ఉంచింది.

"ఎట్టుంది?" అన్నాను.

"పరిగెత్తడం లేదు" అంది. నా మొహంలోకి చూసి, "నీక్కూడా వస్తా ఉండాది మే, వీపుకి గుండె" అంది. నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా అంత సంతోషం కలగలేదు.

అలా వానలు పడేదాకా మేత మోశాం. తర్వాత తర్వాత చేపలమ్మే ముసలామె, ఇంకొందరు ఆడవాళ్ళు కూడా అటూ ఇటూ పోతూ ఒక్కో కొమ్మ తెచ్చి పడేసేవాళ్ళు. పంపు పట్టుకొచ్చిన రైతు రోజూ తెల్లారి చేను చుట్టూ తిరిగి చూసుకునేవాడు. చేలో మిడత పడలేదు. మేత సరిపోయిందో, వాటికి వేరుశనగ రుచించలేదో, నాకు తెలీదు. అత్తకీ తెలీదు. తెలుసని ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు. పెద్ద మిడతలు ఇసకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోయాయి. జిల్లేడు మళ్ళీ చిగిర్చింది.

అప్పటినుంచి ఆ దిబ్బ మీద ఆమె పెత్తనం మొదలైంది. రథసప్తమి పొద్దున ఆకులకి వచ్చేవాళ్ళని పెరటి మెట్టు మీద నిలబడి, నల్లద్దాలు పెట్టుకుని, బడిలో పిల్లల్ని అదిలించినట్టు అదిలించేది. "ఆకు వెనక చూడండే! ఉంటే ఊదండి, అదే పక్కాకుకి పోతాది! ఓయ్, నిన్నే, పాలు ఇసకలో కారనియ్యి, కంట్లో పడితే గుడ్డిదానివైపోతావు!" అని. ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు. "పండగ పూట ఈ టీచరమ్మ గోల ఒకటి" అని ఆమెకి వినబడేట్టే అనుకుంటూ, ఊదేవాళ్ళు.

నిరుడు వానాకాలంలో ఆమె పోయింది. పెరటి మెట్టు మీద, కాఫీ గ్లాసు పక్కన, గోడకి ఆనుకుని. చేపలమ్మే ముసలామె చూసి కబురు చేసింది. నేను పోయేదాకా ఎవరూ కదిలించలేదు. కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద అలాగే ఉన్నాయి. వాటిని విడదియ్యాల్సి వచ్చింది. నేనే తీశాను. ఆరోజు ఆదివారం.

మొన్న ఆటో దిగి ఇంటి దగ్గరే ఆగిపోయాను. ఇంటికి తాళం వేసి ఉంది. మెట్టు మీద ఎవరూ లేరు. అదిలించేవాళ్ళు లేరు కదా, కొమ్మలు విరిచి, చెట్లు దులిపి పీక్కుపోతుంటారనుకున్నాను. చూడకుండా అటునుంచి అటే సముద్రానికి పోదామనుకున్నాను, కానీ దారి దిబ్బ పక్కనుంచే.

దిబ్బ మీద ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. పలకరింపులు లేకుండా, పూజ దగ్గర ఉన్నంత నెమ్మదిగా కోసుకుంటున్నారు. ఒక్కొక్కరూ ఆకు దగ్గర వంగుతున్నారు. ఆకు తిప్పి వెనక చూస్తున్నారు. మెల్లగా ఊదుతున్నారు. అప్పుడు తుంచి, పాలు ఇసకలోకి కారేదాకా పట్టుకుని, పళ్ళెంలో పెట్టుకుంటున్నారు. అందరూ అదే వరసలో చేస్తున్నారు.

నా పక్కన కొత్తగా పెళ్ళైన పిల్ల ఒకతె ఉంది. పాదాల పసుపు ఇంకా పోలేదు. నేను ఎప్పుడూ చూడని మొహం.

"ఎందుకమ్మా ఊదుతుండావు?" అన్నాను.

"ఏమో అక్కా. మా నాయుడుపేటలో ఇట్టా ఊదరు. ఇక్కడ ఊదాలంట, శాస్త్రమంట. పెద్దోళ్ళ కాలంనించీ ఉందంట. మా అత్త చెప్పింది."

చెప్పాలనుకున్నాను. శాస్త్రం కాదమ్మా, అదిగో ఆ మెట్టు మీద నిలబడి ఒక హిందీ టీచరమ్మ పెట్టిన గోల అని. అటు తిరిగి, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, ఎదురుగా ఉన్న ఆకు పట్టుకున్నాను. కళ్ళనిండా నీళ్ళు, ఆకు సరిగ్గా కనిపించడం లేదు. తుంచబోయాను.

ఆ పిల్ల గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. సరిగ్గా మణికట్టు దగ్గర.

"అట్టా కొయ్యబాకక్కా. ముందు ఊదాల."

వంగి, ఊదాను.